బడిలో పిల్లల రక్షణకు నియమావళి రాస్తున్నాం: ఏం ఉండాలి, ఏది రాసినా పనికిరాదు?

నీలిగోరింట:
అందరికీ నమస్కారం. మా పిల్లలు చదివే బడిలో తల్లిదండ్రుల సంఘం తరఫున పిల్లల రక్షణ నియమావళి రాసే పని నా మీద, మరో ఇద్దరి మీద పడింది. యాజమాన్యం ముందే ఒక చిత్తుప్రతి ఇచ్చింది. ఒకే పేజీ. ఉపాధ్యాయులు పిల్లలతో మర్యాదగా మెలగాలి, ఫిర్యాదులు ఉంటే పిల్లలు ప్రధానోపాధ్యాయుడికి చెప్పుకోవాలి, ఆయన నిర్ణయమే అంతిమం. అంతే. చదవడానికి బాగానే ఉంది కానీ, ఇది ఏ పిల్లవాడికైనా అక్కరకు వస్తుందన్న నమ్మకం నాకు కలగలేదు. నేను అడిగేది కొట్టడం గురించి మాత్రమే కాదు. పదిమందిలో పరువు తీయడం, ఒక్కరి మీదే కక్ష పెట్టుకోవడం, హద్దు మీరిన చనువు, ఇవన్నీ అందులోకి రావాలి. ఇక్కడ ఉపాధ్యాయులు, న్యాయవాదులు, పిల్లలతో పనిచేసేవారు ఉన్నారని తెలుసు. మొహమాటం లేకుండా చెప్పండి.

తర్కం:
తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నాను. మా తరమంతా గోడకుర్చీలు వేసి, గుంజీలు తీసి, తొడపాశాలు తిని చదువుకున్నవాళ్లమే. ఎవరమూ పాడైపోలేదు. దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడు ఉపాధ్యాయుడు కాస్త గొంతు పెంచితే చాలు, మర్నాడు పొద్దున్నే తల్లిదండ్రులు గేటు దగ్గర హాజరు. నీలిగోరింట గారూ, నియమావళి రాయండి, కాదనను. కానీ అది చదివిన మంచి ఉపాధ్యాయుడు కూడా "నాకెందుకొచ్చిన గొడవ" అనుకుని, పాఠం అప్పజెప్పి వెళ్లిపోయేలా మాత్రం రాయకండి.

పాతబడిపంతులు:
తర్కం గారి చివరి వాక్యంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా "ఎవరమూ పాడైపోలేదు" దగ్గరే. ఆ "ఎవరమూ"లో ఎవరెవరు ఉన్నారు? చదువు పూర్తిచేసి, ఉద్యోగాలు చేసుకుంటూ, ఇక్కడ కూర్చుని రాయగలిగేవాళ్లు. దెబ్బలకు భయపడి మధ్యలో బడి మానేసినవాడు ఈ చర్చకు రాడు కదా, వాడిని ఎవరు లెక్కపెట్టారు?

నేను జీవితమంతా తరగతి గదుల్లోనే గడిపినవాడిని. బెత్తం పట్టుకుంటే గది నిశ్శబ్దమవుతుంది, అది నిజం. ఆ నిశ్శబ్దం చూసి క్రమశిక్షణ అనుకుంటాం. కానీ బెత్తం ఉన్న గదిలో "అర్థం కాలేదు" అనే పిల్లవాడు ఉండడు. పాఠం ఎక్కడ తెగిపోయిందో ఉపాధ్యాయుడికి తెలిసేది ఆ ఒక్క మాటతోనే. అది వినపడని ఉపాధ్యాయుడు గోడకు పాఠం చెబుతున్నట్టే. పిల్లవాడి సుఖం సంగతి పక్కన పెట్టండి, బోధన కోసమైనా బెత్తం పనికిరాదంటాను.

నల్లకోటు:
పెద్దల ప్రస్తావన వచ్చింది కాబట్టి పెద్దల కాలం సంగతే చెబుతాను. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని పోలండ్ 1783లోనే నిషేధించింది. కనుక ఇది ఈ తరం గారాబం నుంచి పుట్టిన ఆలోచన కాదు. స్వీడన్ 1958లో బడుల్లో నిషేధించి, 1979లో ఇంట్లో కూడా కొట్టకూడదన్న మొదటి దేశమైంది.

బ్రిటన్ చాలాకాలం నాన్చింది. స్కాట్లండ్‌కు చెందిన ఇద్దరు తల్లులు, తమ కొడుకులను బడిలో తోలుపట్టీతో కొట్టడానికి వీల్లేదంటూ యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లారు. వారిలో ఒకరి కొడుకు దెబ్బకు చెయ్యి చాపనన్నందుకు బడి అతణ్ని సస్పెండ్ చేసింది. 1982లో తీర్పు తల్లుల పక్షాన వచ్చింది. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, ఆ ఇద్దరు పిల్లల్లో ఎవరికీ అసలు దెబ్బ పడలేదు. తమ నమ్మకాలకు తగిన చదువు పిల్లలకు అందాలన్న తల్లిదండ్రుల హక్కును ఆ పద్ధతి కాలరాసిందని కోర్టు తేల్చింది. ఆ తర్వాత 1986లో ప్రభుత్వ బడుల్లో దెబ్బల శిక్షను రద్దుచేసే ప్రతిపాదన దిగువసభలో 231కి 230 ఓట్లతో గట్టెక్కింది. ఒక్క ఓటు! ఇంగ్లండ్‌లో ప్రైవేటు బడులకు ఆ నిషేధం అందడానికి 1999 దాకా పట్టింది.

అమెరికాలో కథ వేరు. బడిలో దెబ్బలు తిన్న ఇంగ్రాహం అనే విద్యార్థి కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1977లో, క్రూరమైన శిక్షల నుంచి రాజ్యాంగం ఇచ్చే రక్షణ బడిలో దెబ్బలకు వర్తించదని 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది. జైల్లో ఖైదీకి ఉన్న కవచం బెంచి మీది పిల్లవాడికి లేకుండా పోయింది. అక్కడ ఇప్పటికీ ఇది రాష్ట్రానికో తీరు.

భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఆ రెండో మాట మీ నియమావళిలో తప్పకుండా ఉండాలి. చాలా బడులు "కొట్టరాదు" అని రాసి చేతులు దులుపుకుంటాయి.

వెనకబెంచి:
ఆ రెండో మాట గురించి నేను చెబుతాను.

నాకు చిన్నప్పుడు నత్తి. మాకు ఒక మాస్టారు ఉండేవారు. నా మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదు, గొంతు కూడా పెంచలేదు. రోజూ నన్నే లేపి పాఠం గట్టిగా చదవమనేవారు, అంతే. మాట తట్టుకున్నచోట తరగతి నవ్వేది. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, "ఊ, తరువాత?" అనేవారు. బయటివాళ్లు చూస్తే, వెనకబడిన పిల్లవాడి మీద శ్రద్ధ పెట్టిన గొప్ప ఉపాధ్యాయుడు. అమ్మ వెళ్లి అడిగింది. మర్నాటి నుంచి నాకు "అమ్మకు చెప్పేవాడు" అన్న పేరు కూడా తగిలింది. మళ్లీ ఇంట్లో ఏమీ చెప్పలేదు.

మీరు రాసే కాగితంలో ఆయన ఎక్కడ దొరుకుతారు? నిజంగానే అడుగుతున్నాను.

మైనా:
వెనకబెంచి గారి ప్రశ్నకు ఇప్పటికే ఒక జవాబు ఉంది, అయితే దాన్ని బడుల దాకా ఎవరూ మోసుకెళ్లరు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989 నాటిది. బడి క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలిగించకూడదని దాని 28వ అధికరణ చెబుతుంది. దాని అమలును చూసే కమిటీ 2006లో ఒక వివరణ ఇచ్చింది. ఎంత తేలికదైనా సరే, నొప్పి లేదా ఇబ్బంది కలిగించాలన్న ఉద్దేశంతో బలం వాడితే అది శారీరక శిక్షే. కించపరచడం, అవమానించడం, బెదిరించడం, భయపెట్టడం, ఎగతాళి చేయడం, ఒక్కరినే అన్నిటికీ బలిచేయడం, ఇవి కూడా క్రూరమైన శిక్షలే. ఈ మాటలన్నీ యథాతథంగా నియమావళిలోకి ఎక్కించండి. ఎగతాళి అన్న మాట కాగితం మీద ఉంటే ఆ మాస్టారు దొరుకుతారు. లేకపోతే "మంచికోసమే చదివించాను" అని నవ్వి వెళ్లిపోతారు.

ఇంకొక మాట. నీలిగోరింట గారు చెప్పిన చిత్తుప్రతి మొత్తం పిల్లవాడు వచ్చి చెబుతాడన్న ఆశ మీద నిలబడి ఉంది. పిల్లలు చెప్పరు. లైంగిక వేధింపుల విషయంలోనైతే మరీ చెప్పరు. ఆస్ట్రేలియాలో సంస్థల్లో జరిగిన లైంగిక వేధింపులపై 2013 నుంచి 2017 దాకా రాయల్ కమిషన్ విచారణ జరిపింది. దానితో ఏకాంతంగా మాట్లాడిన బాధితులు తమకు జరిగినది మొదటిసారి ఎవరికైనా చెప్పడానికి సగటున 23.9 సంవత్సరాలు పట్టింది. మీ నియమావళి పిల్లవాడి ధైర్యం మీద ఆధారపడితే, మీరు వాడి పెళ్లయ్యేదాకా ఎదురుచూడాలి. బాధ్యత పెద్దల మీద పెట్టండి: చూసినవారు, విన్నవారు, అనుమానం వచ్చినవారు చెప్పి తీరాలి.

సుద్దముక్క:
నేను ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయురాలిని. పై మాటలన్నిటితో ఏకీభవిస్తాను కానీ, బల్లకు ఇటువైపు నుంచి కూడా కొంచెం చూడండి.

యాభై మందికి ఒక్కరమే. సిలబస్ గడువు, తనిఖీలు, మార్కుల లెక్కలు. కోపం వచ్చే రోజులు ఉంటాయి. కొట్టవద్దు అనడం తేలిక. మరి ఇద్దరు పిల్లలు ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని కొట్టుకుంటుంటే విడదీయడానికి చెయ్యి పట్టుకుని లాగవచ్చా? ఏడుస్తున్న ఆరేళ్ల పాపను దగ్గరకు తీసుకోవచ్చా? ఈ మధ్య మా స్టాఫ్ రూములో కొందరు, అసలు పిల్లల్ని తాకకపోవడమే మేలు అనే స్థితికి వచ్చారు. అది కూడా పిల్లలకు అన్యాయమే.

పెద్దలు చెప్పాలి అన్నారు మైనా గారు. చెప్పరండీ. ఫలానా ఆయన పద్ధతి బాగా లేదని స్టాఫ్ రూములో అందరికీ తెలిసే ఉంటుంది. చెప్పవలసినది ఏడాది ఒప్పందం మీద పనిచేసే కొత్తమ్మాయి. వినవలసినది ఆ ఫలానా ఆయనతో ఇరవై ఏళ్లుగా కలిసి కాఫీ తాగుతున్న పెద్దాయన. ఎలా చెబుతుంది?

పాతబడిపంతులు:
సుద్దముక్క అమ్మాయి నిజం చెప్పింది. స్టాఫ్ రూములో మౌనానికి ఉన్న బలం ఇంకెక్కడా ఉండదు.

నల్లకోటు:
తాకడం గురించి: మైనా గారు చెప్పిన 2006 వివరణే ఈ తేడా కూడా చూపింది. కాపాడడానికి వాడే బలం వేరు, శిక్షించడానికి వాడే బలం వేరు. తన్నుకుంటున్నవాళ్లను విడదీయడం, రోడ్డు మీదికి పరుగెత్తేవాణ్ని పట్టుకోవడం శిక్ష కాదు. అయితే పట్టు అవసరమైనంతే ఉండాలి, అవసరం తీరిన వెంటనే వదలాలి. విడదీశాక ఒక చెంపదెబ్బ వేస్తే, ఆ చెంపదెబ్బ శిక్షే. ఈ వాక్యం నియమావళిలో ఉంటే మీలాంటివారికి ఊపిరి ఆడుతుంది.

ఎవరికి చెప్పాలన్నది అసలు చిక్కు. ఇంగ్లండ్ బడుల్లో పిల్లల రక్షణకు బాధ్యుడిగా సిబ్బందిలోని ఒక పెద్దను పేరుతో సహా నియమించి తీరాలి. ఆరోపణ ప్రధానోపాధ్యాయుడి మీదే అయితే అది పాలకమండలి అధ్యక్షుడికి వెళుతుంది. అంతేకాదు, నేరం స్థాయికి రాని చిన్నచిన్న అనుమానాలను కూడా రాసిపెట్టాలని 2021 నుంచి అక్కడి మార్గదర్శకాల్లో చేర్చారు. ఒక పాపను కారులో ఇంటిదగ్గర దింపాడు. ఒకరికి మాత్రం కానుక ఇచ్చాడు. తలుపు మూసి ట్యూషన్ చెప్పాడు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ ఫిర్యాదు కాదు. ఒకే పుస్తకంలో, తేదీలతో, ముగ్గురు వేర్వేరు మనుషుల చేతిరాతలో పక్కపక్కన పడితే అప్పుడు కనబడుతుంది. సుద్దముక్క గారు చెప్పిన కొత్తమ్మాయికి కూడా ఇది కొంత సులువు. ఆమె ఎవరి మీదా నేరం మోపడం లేదు, చూసింది రాస్తోంది.

తర్కం:
సరే, కొట్టడం గురించి నా వాదన పక్కన పెడతాను, వదులుకోవడం లేదు. ఈ రాసిపెట్టడాలు మాత్రం నాకు భయంగా ఉన్నాయి. పక్కవాడంటే గిట్టని ప్రతి ఒక్కరూ ఆ పుస్తకంలో రాస్తారు. మార్కులు తగ్గాయని అలిగిన పిల్లవాడు ఒక మాట అంటే, ఒక మనిషి జీవితం ముగిసినట్టే. తర్వాత నిర్దోషి అని తేలినా ఊరు మరిచిపోదు. దీనికంటే ప్రతి గదిలో కెమెరా పెట్టండి. అబద్ధం చెప్పదు, ఎవరి పక్షమూ వహించదు.

మైనా:
కెమెరా వెనకబెంచి గారి మాస్టారిని పట్టుకునేదా? తెరమీద ఆయన ఓపికగా పాఠం చదివిస్తూ కనబడతారు. కెమెరా మెట్లకింద ఉండదు, మరుగుదొడ్డి దగ్గర ఉండదు, ఫోనులో ఉండదు. దాని రికార్డు ఎవరి చేతిలో ఉంటుంది? ఫిర్యాదు ఎవరి మీద వస్తుందో వాళ్ల చేతిలోనే. తలుపులకు అద్దం బిగించడం అంతకంటే చవక, అంతకంటే మేలు.

అబద్ధపు ఆరోపణల భయాన్ని నేను తోసిపుచ్చను. కానీ అది చాలాసార్లు పిల్లల దగ్గర మొదలు కాదు, పెద్దలు అడిగే తీరు దగ్గర మొదలవుతుంది. 1983లో కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ మీద ఆరోపణలు వచ్చాయి. వందలమంది చిన్నపిల్లలను కూర్చోబెట్టి, జవాబు ప్రశ్నలోనే పెట్టి మళ్లీమళ్లీ అడిగారు. "మిగతావాళ్లందరూ చెప్పేశారు, నువ్వూ తెలివైనదానివే కదా" అన్న ధోరణిలో. పిల్లలు సొరంగాల గురించి, ఎగిరే మనుషుల గురించి కూడా చెప్పారు. కేసు 1990 దాకా సాగి ఒక్కరికీ శిక్ష పడకుండా ముగిసింది. అందులో నిజం ఏమైనా ఉండి ఉంటే, అదీ ఆ ప్రశ్నల కింద పడి నలిగిపోయింది.

అందుకే నియమావళిలో ఇది చాలా ముఖ్యం: పిల్లవాడు ఏదైనా చెబితే, విన్నవారు విచారణ చేయకూడదు. వినాలి. "ఆ తర్వాత ఏమైంది?", "ఇంకేమైనా చెప్పాలనుందా?" అంతవరకే. "ఆయన నిన్ను ఇక్కడ తాకాడా?" అని అడగకూడదు. "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే చెప్పవలసి ఉంటుంది. పిల్లవాడు వాడిన మాటలే, వాడు వాడినట్టుగా, ఆ రోజే రాసిపెట్టాలి. "అసభ్య ప్రవర్తన" అని పెద్దల భాషలోకి మార్చి రాస్తే ఆ కాగితం విలువ సగం పోయినట్టే. చెప్పినవాణ్ని, ఆరోపణ ఎదుర్కొంటున్నవారిని ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి "నిజం తేల్చడం" మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. బడుల్లో ముందుగా చేసే పని అదే.

నల్లకోటు:
ఉపాధ్యాయుల పరువు గురించి తర్కం గారి ఆందోళనకు చట్టంలో జవాబు ఉన్న చోట్లు ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2011 నాటి విద్యా చట్టం ప్రకారం, తన బడి విద్యార్థి చేసిన ఆరోపణ ఎదుర్కొంటున్న ఉపాధ్యాయుడి పేరును అభియోగం నమోదయ్యేదాకా ప్రచురించకూడదు. గోప్యత రెండు వైపులా పెట్టండి. విచారణ ముగిసేవరకు ఆయన్ను పిల్లలకు దూరంగా వేరే పనిలో ఉంచడం శిక్ష కాదని కూడా స్పష్టంగా రాయండి, లేకపోతే బడివాళ్లు "నేరం రుజువు కాకుండా ఎలా పక్కన పెడతాం" అని అదే తరగతికి పంపుతారు.

లైంగిక వేధింపు అనుమానం వస్తే మాత్రం బడి లోపలి విచారణ అనే మాటే ఎత్తకండి. భారతదేశంలో 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. సంస్థ బాధ్యులు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాచితే ఏడాది దాకా జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు. బడి ముందుగా "అంతర్గత కమిటీ" వేసి, అది తేల్చాక చూద్దాం అనడానికి ఆ చట్టంలో చోటు లేదు.

తర్కం:
పేరు బయటపెట్టకూడదన్న మాట రెండు వైపులా ఉంటే నాకు అభ్యంతరం తగ్గుతుంది. కెమెరాల గురించి ఇంకా ఆలోచిస్తాను.

నిర్వాహకుడు:
ఒక కొత్త సభ్యుడు తన బిడ్డ బడి పేరు, ఉపాధ్యాయుడి పేరు, ఫోను నంబరు రాసిన వ్యాఖ్యను తొలగించాను. మీ కోపం అర్థమైంది. కానీ ఇక్కడ పేరు రాస్తే బిడ్డ ఎవరో కూడా అందరికీ తెలిసిపోతుంది. మీకు విడిగా సందేశం పంపాను, చూడండి. చర్చ కొనసాగించండి.

నీలిగోరింట:
ఇంత వస్తుందని అనుకోలేదు. హద్దు మీరిన చనువు గురించి ఇంకా ఎవరైనా వివరంగా చెప్పగలరా? మా సంఘంలో ఒకరు "మంచి ఉపాధ్యాయుడు పిల్లలతో స్నేహంగానే ఉంటాడు, దాన్ని ఎలా నియంత్రిస్తాం" అంటున్నారు.

మైనా:
స్నేహానికి, ఉచ్చుకు మధ్య గీత ఒకటి ఉంది: దాపరికం. మంచి ఉపాధ్యాయుడి ఆప్యాయత అందరి ఎదుటా ఉంటుంది. రెండో రకంవాడు మొదట తల్లిదండ్రులను గెలుచుకుంటాడు. ఇది చాలామందికి తెలియదు. మీ పిల్లలో గొప్ప ప్రతిభ ఉంది, నేను ప్రత్యేకంగా చూసుకుంటాను అంటాడు. ఇంట్లో కాస్త ఒంటరిగా ఉన్న పిల్లను, ఇతరులతో కలవని పిల్లను ఎంచుకుంటాడు. చిన్న కానుక, చిన్న మినహాయింపు, హోంవర్క్ చేయకపోయినా ఏమీ అనకపోవడం. ఆ తర్వాత "ఇది మనిద్దరి మధ్యే". ఆ మాటతోనే పిల్ల అతనికి బాకీ పడుతుంది. ఏదైనా చెబితే ముందు తన తప్పే బయటపడుతుందనుకుంటుంది. అందుకే ఎంతోమంది పిల్లలు ఎవరికీ చెప్పకుండా ఉండిపోతారు.

ఇందులో చాలావరకు నియమంతో ఆపగలిగిందే. విద్యార్థికి వ్యక్తిగత ఫోను నుంచి విడిగా సందేశం పంపకూడదు, తల్లిదండ్రులో మరో ఉపాధ్యాయుడో ఉన్న గ్రూపులోనే రాయాలి. మూసిన గదిలో ఒకరికి ఒకరు పాఠం వద్దు. ఒంటరిగా వాహనంలో ఎక్కించుకోవద్దు. తప్పనిసరి అయితే ముందుగానో వెంటనో ఎవరికైనా చెప్పాలి. మంచి ఉపాధ్యాయుడు చెప్పి చేస్తాడు, అతనికి పోయేదేమీ లేదు.

నల్లకోటు:
దీనికి ఒక చిన్న చేర్పు. "పిల్ల ఇష్టపడింది" అన్న వాదన వస్తుంది, పై తరగతుల విషయంలో మరీ వస్తుంది. ఇంగ్లండ్‌లో సమ్మతి వయసు 16. అయినా 2003 చట్టం ప్రకారం, బడిలో తన సంరక్షణలో ఉన్న 18 ఏళ్ల లోపు విద్యార్థితో ఉపాధ్యాయుడు సంబంధం పెట్టుకుంటే నేరం. మార్కులు, భవిష్యత్తు ఎవరి చేతిలో ఉన్నాయో వారి ఎదుట ఇష్టం అన్న మాటకు అర్థం లేదని చట్టం ఒప్పుకుంది.

వెనకబెంచి:
పగ తీర్చుకోవడం గురించి ఎవరూ రాయలేదు. నా విషయంలో అసలు దెబ్బ అదే. ఫిర్యాదు తర్వాత మార్కులు తగ్గడం, వెనక కూర్చోబెట్టడం, నాటకంలో వేషం తీసేయడం. ఒక్కొక్కటి అడిగితే ఒక్కొక్కదానికీ కారణం ఉంటుంది.

పాతబడిపంతులు:
దానికి ఒక ఉపాయం చెబుతాను. ఫిర్యాదు వచ్చిన రోజు నుంచి ఆ విద్యార్థి జవాబుపత్రాలు వేరే ఉపాధ్యాయుడు దిద్దాలి. సెక్షన్ మార్చవలసి వస్తే మారేది ఉపాధ్యాయుడు, పిల్లవాడు కాదు. మా రోజుల్లో ఎప్పుడూ పిల్లవాణ్నే మార్చేవారు, పైగా ఏదో మేలు చేసినట్టు. నెలకొకసారి, ఒక ఏడాది పాటు, బాధ్యత తీసుకున్న పెద్ద ఆ పిల్లవాడితో మాట్లాడాలి. ఫిర్యాదు పరిష్కారమైంది అని సంతకం పెట్టాక అసలు కథ మొదలవుతుంది.

సుద్దముక్క:
ఇంకొకటి, ఇది నాకు చాలాకాలంగా మంట. ఒక ఉపాధ్యాయుడి మీద గట్టి ఆరోపణ వస్తుంది. బడి పరువు పోతుందని చప్పుడు చేయకుండా రాజీనామా తీసుకుని, "ప్రవర్తన సంతృప్తికరం" అని సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తారు. ఆరు నెలల్లో మరో బడిలో చేరతాడు. అక్కడి పిల్లలు ఎవరి పిల్లలు? మీ బడి పరువుకు వాళ్లు చెల్లించాలా? నీలిగోరింట గారూ, మీ కాగితంలో మిగతావన్నీ పోయినా ఇది ఉండాలి.

నల్లకోటు:
అమెరికా ఈ సమస్యను చట్టంలోనే పేరుపెట్టి పట్టుకుంది. 2015 నాటి అక్కడి కేంద్ర విద్యా చట్టం ప్రకారం, మైనరుతో లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని తెలిసి కానీ, నమ్మడానికి తగిన కారణం ఉండి కానీ, ఆ ఉద్యోగికి మరోచోట కొలువు దొరకడానికి సాయపడకూడదని రాష్ట్రాలు నిబంధన పెట్టాలి. మీ స్థాయిలో రెండు వాక్యాలు చాలు. విచారణలో ఉండగా రాజీనామా ఇచ్చినా విచారణ ఆగదు. కొత్తవారిని తీసుకునేటప్పుడు పాత బడికి ఫోను చేసి "పిల్లల భద్రత విషయంలో ఈయన మీద ఏమైనా ఫిర్యాదు వచ్చిందా" అని సూటిగా అడిగి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోవాలి. సూటిగా అడిగితే కాగితం మీద అబద్ధం రాయడానికి చాలామంది జంకుతారు.

తర్కం:
నా పాత వాదనలోకి వెనక్కి వెళ్లి ఒక్కటి అడుగుతాను. బెత్తం తీసేశాక తరగతి అదుపు తప్పితే ఏం చేయాలో కూడా ఎవరైనా రాస్తారా? నిషేధించడం సగం పనే.

పాతబడిపంతులు:
సరైన ప్రశ్న. నాకు పనిచేసినవి చెబుతాను, అందరికీ పనిచేస్తాయని హామీ ఇవ్వను. అల్లరి చేసేవాణ్ని అందరి ముందు పిలిచి అడిగితే వాడు వీరుడవుతాడు. గంట కొట్టాక పక్కకు పిలిచి అడిగితే పిల్లవాడవుతాడు. నియమాలు నాలుగైదు మించకుండా, మొదటి వారంలోనే వాళ్లతోనే రాయించాలి. మాట నిలబెట్టుకోలేని బెదిరింపు చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అల్లరి ఎక్కువగా ఏ పాఠం దగ్గర మొదలవుతుందో గమనించాలి. లెక్క అర్థంకాని చోట మొదలైన అల్లరికి మందు లెక్కలోనే ఉంటుంది. ఇవేవీ పనిచేయని రోజు కూడా వస్తుంది. ఆ రోజు ఉపాధ్యాయుడు గది నుంచి బయటకు వచ్చి, తోటివారిని "ఐదు నిమిషాలు చూస్తారా" అని అడగగలగాలి. అది అసమర్థత కాదని యాజమాన్యం రాసి ఇవ్వాలి.

మైనా:
పంతులు గారూ, ఈ ఆఖరి మాట బంగారం. తర్కం గారికి ఒక అంకె కూడా ఇస్తాను. పిల్లల్ని కొట్టడంపై వచ్చిన 75 అధ్యయనాలను, అంటే 1,60,000 మందికి పైగా పిల్లల సమాచారాన్ని, 2016లో ఒకచోట చేర్చి విశ్లేషించారు. దెబ్బలు ఎక్కువైన కొద్దీ దూకుడు, మానసిక సమస్యలు ఎక్కువగా కనిపించాయి. కొట్టినందువల్ల ప్రవర్తన మెరుగుపడిన దాఖలా లేదు. అది ఇంట్లో తల్లిదండ్రుల దెబ్బల గురించిన అధ్యయనం, బడి గురించి కాదు. కానీ కన్నవాళ్ల చేతి దెబ్బకే రాని దశగుణాలు పంతులు చేతి దెబ్బకు వస్తాయని నాకు నమ్మకం లేదు.

నీలిగోరింట:
మొన్న రాత్రి ముగ్గురం కూర్చుని మళ్లీ రాశాం. ఒక పేజీ కాస్తా నాలుగైంది. ఎగతాళి, బెదిరింపు, ఒక్కరినే బలిచేయడం పేరుపేరునా చేరాయి. కాపాడే బలానికీ శిక్షించే బలానికీ తేడా చేరింది. ఫిర్యాదు అందుకోవడానికి సిబ్బందిలో ఒకరు, తల్లిదండ్రుల్లో ఒకరు, ఇద్దరి పేర్లూ గోడ మీద ఉంటాయి. ప్రధానోపాధ్యాయుడి మీద ఫిర్యాదైతే నేరుగా పాలకమండలికి. నేరం అనుమానం ఉంటే నేరుగా పోలీసులకు, ముందు బడి విచారణ లేదు. చూసినవారు రాయవలసిన పుస్తకం చేరింది, దాన్ని చూసే హక్కు ఆ ఇద్దరికే. విడిగా సందేశాలు, మూసిన తలుపులు, రాజీనామా, పాత బడికి ఫోను, అన్నీ వచ్చాయి. కెమెరాల మీద మాలో మాకే కుదరలేదు, వరండాల్లో మాత్రం పెట్టమన్నాం. "నిర్ణయమే అంతిమం" అన్న వాక్యం కొట్టేశాం.

యాజమాన్యం ఒక్కచోట పట్టుబట్టింది. ఫిర్యాదుపై "వీలైనంత త్వరగా" చర్య తీసుకుంటామని రాయాలట, రోజులు రాయడం కుదరదట. మిగతావన్నీ ఒప్పుకున్నారు కాబట్టి ఇది వదిలేద్దామా అని ఆలోచిస్తున్నాం.

తర్కం:
వదలకండి. ఇప్పటిదాకా నియమాలు ఎక్కువైపోతున్నాయని గొణిగింది నేనే. కానీ గడువు లేని ఫిర్యాదు వల్ల నిర్దోషి అయిన ఉపాధ్యాయుడు కూడా నెలల తరబడి అనుమానంలో వేలాడుతాడు. ఉపాధ్యాయుల వైపు నుంచి ఈ మాట ఎత్తండి, ఒప్పుకుంటారు.

పాతబడిపంతులు:
ఫిర్యాదు అందీ అందగానే, అదే రోజు, ఆ ఉపాధ్యాయుణ్ని పిల్లవాడికి దూరంగా ఉంచాలి. మూడు పనిదినాల్లో తల్లిదండ్రులకు లిఖితపూర్వక సమాధానం, ముప్పై రోజుల్లో విచారణ నివేదిక. ఆ అంకెలు పెట్టించండి. బేరం ఆడితే ముప్పైని నలభై అయిదు చేయండి కానీ, అంకె లేకుండా సంతకం పెట్టకండి.